పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: కొండ పరుగు పందెం

కొండ పరుగు పందేల గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరినప్పుడు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నింటినీ ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. రాసినవారిలో చాలామంది కొండ ఎక్కడం గురించే అడిగారు. దిగడం గురించి అడిగినవారు ఒక్కరే, అది కూడా దెబ్బ తిన్న తరువాత. కొత్తవారు చేసే పొరపాట్లలో సగానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అందుచేత ఆ ఒక్క ఉత్తరానికి ఎక్కువ చోటు కేటాయించి, తక్కినవాటికి అవసరమైన మేరకే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: రెండేళ్లుగా చదునైన రోడ్ల మీద పరుగెత్తుతున్నాను. పది కిలోమీటర్లను గంటలో పూర్తి చేయగలను. ఇప్పుడు 12 కిలోమీటర్ల కొండ పరుగు పందేనికి పేరు నమోదు చేసుకున్నాను. మొత్తం 700 మీటర్ల ఎత్తు ఎక్కి దిగవలసి ఉంటుందని నిర్వాహకులు తెలిపారు. గంటా పదిహేను నిమిషాల్లో పూర్తి చేయాలని లక్ష్యం పెట్టుకున్నాను. ఇది సబబైన లక్ష్యమేనా?

జవాబు: ఆ లక్ష్యాన్ని ఇప్పుడే మార్చుకోండి. మీ వేగంతో చదునైన రోడ్డు మీద 12 కిలోమీటర్లు పరుగెత్తడానికే గంటా పన్నెండు నిమిషాలు పడుతుంది. అంటే 700 మీటర్ల కొండకు మీరు ఉంచుకున్నవి మూడంటే మూడు నిమిషాలు.

కొండ పరుగులో దూరం ఒక్కటే చూస్తే లెక్క సగమే తెలిసినట్టు; ఎన్ని మీటర్లు ఎక్కాలన్నది మిగతా సగం. ఈ రెండింటినీ కలిపి చూడటానికి ట్రయిల్ (కొండ, అడవి బాటల) పరుగు పందేల నిర్వాహకులు ఒక తేలికైన పద్ధతిని వాడుతారు. ఎక్కవలసిన ప్రతి 100 మీటర్ల ఎత్తును ఒక అదనపు కిలోమీటరుగా దూరానికి కలుపుతారు. ఆ ప్రకారం మీ పందెం 19 కిలోమీటర్ల శ్రమతో సమానం, మీ వేగానికి గంటా యాభై నాలుగు నిమిషాలు. దారిలో ఉండే రాళ్లు, బురద, వేళ్లు, ఇరుకు మలుపులు ఈ లెక్కలోకి రావు కనుక, మొదటిసారికి రెండు గంటల నుంచి రెండుంబావు గంటల వరకు అనుకుంటే మీకూ, మీ కోసం ఎదురుచూసేవారికీ నిబ్బరంగా ఉంటుంది.

ఇంతకన్నా పాతది, నడిచేవారి కోసం చెప్పినది, మరో సూత్రం ఉంది. స్కాట్లాండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో దీన్ని ప్రతిపాదించాడు. ఆయన మైళ్లలో, అడుగుల్లో చెప్పినదాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట అవుతుంది. ఈ లెక్కన మీ దారిని చురుకుగా నడిచే మనిషికి మూడున్నర గంటలు పడుతుంది. నిర్వాహకులు ప్రకటించిన కటాఫ్ సమయం, అంటే పందెం ముగించవలసిన గడువు, ఈ రెండు అంచనాల మధ్య ఎక్కడ పడుతుందో చూసుకుంటే, మీ చేతిలో ఉన్న వ్యవధి ఎంతో స్పష్టమవుతుంది.

మీరు ఎంచుకున్న పందెం తేలికైనది కాదని కూడా తెలుసుకోవాలి. 1970లో ఏర్పడిన బ్రిటన్‌లోని ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ కొండ పందేలను మూడు తరగతులుగా విభజిస్తుంది: కిలోమీటరుకు సగటున 50 మీటర్లు, ఆపైన ఎక్కుడు ఉంటే ‘ఎ’, కనీసం 25 మీటర్లుంటే ‘బి’, కనీసం 20 మీటర్లుంటే ‘సి’. మీ పందేనిది కిలోమీటరుకు సగటున 58 మీటర్లు. అంటే ఎక్కుడును బట్టి చూస్తే అది కఠినమైన ‘ఎ’ తరగతికి చెందుతుంది. ఇంకో పోలిక చెబుతాను. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ శిఖరం ఎత్తు 1,345 మీటర్లు. దాదాపు సముద్రమట్టం దగ్గర బయలుదేరి, దాని పైకి ఎక్కి దిగివచ్చే పందెం దూరం సుమారు 14 కిలోమీటర్లు. 1984లో కెనీ స్టువర్ట్ అనే మేటి క్రీడాకారుడు దాన్ని 1 గంట 25 నిమిషాల 34 సెకన్లలో ముగించాడు. సగటున కిలోమీటరుకు ఆరు నిమిషాలకు కాస్త పైన, అంటే మీరు రోడ్డు మీద పరుగెత్తే వేగానికి అటూ ఇటూగా. కొండ మీద గడియారాన్ని చదవవలసిన తీరు వేరని ఈ ఒక్క అంకె చెబుతుంది.

ప్రశ్న: ఎక్కుడు నిటారుగా మారగానే నేను నడకలోకి దిగిపోతాను. పరుగు పందెంలో నడవడం సిగ్గుగా ఉంది. ఆగకుండా పరుగెత్తుతూనే ఎక్కడానికి ఎలాంటి సాధన చేయాలి?

జవాబు: సిగ్గుపడవలసింది ఏమీ లేదు. వాలు సుమారు 15 డిగ్రీలు దాటిన తరువాత, ఒకే వేగంతో ఎక్కినప్పుడు పరుగు కన్నా నడకకే శరీరం తక్కువ శక్తిని ఖర్చు చేస్తుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. స్విట్జర్లాండులోని ఫుల్లీ అనే ఊరి దగ్గర రెండు కిలోమీటర్లయినా లేని దారిలో 1,000 మీటర్ల ఎత్తు ఎక్కే ప్రసిద్ధమైన పందెం ఒకటి ఉంది. 2017లో ఇటలీకి చెందిన ఫిలిప్ గోట్ష్ దాన్ని 28 నిమిషాల 53 సెకన్లలో పూర్తి చేశాడు. అంత నిటారు వాలులో మేటి క్రీడాకారులు సైతం చేతికర్రల మీద బరువు మోపి పెద్ద పెద్ద అంగలతో నడుస్తారు. వారికి లేని సిగ్గు మనకెందుకు?

అయితే నడకలో కూడా చేతనైన నడక, చేతకాని నడక ఉన్నాయి. నడుము దగ్గర కాస్త ముందుకు వంగి, రెండు అరచేతులను మోకాళ్లకు కొంచెం పైన తొడల మీద ఆనించి, ప్రతి అడుగుకూ చేత్తో తొడను కిందికి నొక్కుతూ ఎక్కితే, కాళ్ల పనిలో కొంత భాగం చేతులు, భుజాలు పంచుకుంటాయి. మడమ కూడా నేలకు ఆనేలా పాదమంతా మోపగలిగిన చోట అలాగే మోపండి. వేళ్ల మీదే ఎక్కుతూ పోతే పిక్కలు తొందరగా అలసిపోతాయి. పరుగు నుంచి నడకకు ఎప్పుడు మారాలన్నది మీ ఊపిరి చెబుతుంది. నాలుగు మాటల వాక్యం ఒక్క గుక్కలో పలకలేని స్థితి వస్తున్నదంటే, అది పూర్తిగా రాకముందే నడకలోకి మారండి. ఊపిరి ఎగదన్నిన తరువాత మారితే తేరుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అసలైన నేర్పు శిఖరం దగ్గర, వాలు మెత్తబడగానే తడుముకోకుండా తిరిగి పరుగు అందుకోవడంలో ఉంది. కొత్తవారు అక్కడ నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోతారు. నడిచినందువల్ల పోయే సమయం కన్నా అక్కడ పోయేదే ఎక్కువ.

ప్రశ్న: నా వయసు 41. మొదటి కొండ పరుగు కిందటి నెల పూర్తి చేశాను. వారానికి రెండుసార్లు ఎక్కుడు సాధన చేసి వెళ్లడం వల్ల ఎక్కేటప్పుడు చాలామందిని దాటగలిగాను. తిరుగు దారి నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను. సగం దిగేసరికి తొడలు వణికిపోయాయి, రెండుసార్లు కూలబడ్డాను, నేను దాటినవారందరూ నన్ను దాటి వెళ్లిపోయారు. ఆ తరువాత మూడు రోజుల పాటు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. ఎక్కుడు సాధన ఇంకా పెంచమంటారా? ఇలా దిగుతూ ఉంటే మోకాళ్లు అరిగిపోతాయా?

జవాబు: ఎక్కుడు సాధన పెంచవద్దు. మీకు కొరవడినది దిగుడు సాధన. ఈ ఉత్తరం రాసినందుకు మీకు కృతజ్ఞతలు, ఎందుకంటే నా మొదటి పందెంలోనూ అచ్చంగా ఇదే జరిగింది. శిఖరానికి ముందు వరుసల్లో చేరుకుని, దిగేటప్పుడు ఒక బండరాయి మీద కూర్చుని కాళ్లు పట్టుకుంటూ ఉంటే, అరవై దాటిన ఒక పెద్దాయన చిన్న చిన్న అడుగులతో గలగలా దిగిపోతూ “మొదటిసారా బాబూ?” అని పలకరించి వెళ్లారు. కాళ్లు ఎందుకు మొరాయించాయని ఆ రోజు నాకు కలిగిన సందేహానికి జవాబు చాలాకాలం తరువాత దొరికింది.

ముందు శక్తి లెక్క చూద్దాం. ఇటలీకి చెందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆల్బెర్టో మినెట్టి, ఆయన సహచరులు కొండ పరుగులో ఆరితేరిన క్రీడాకారులను వాలు మార్చగల ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. శరీరంలోని ప్రతి కిలో బరువును ఒక మీటరు దూరం మోయడానికి చదును మీద సుమారు 3.4 జౌళ్ల శక్తి ఖర్చయింది. 45 శాతం ఎక్కుడులో అది దాదాపు 19 జౌళ్లకు చేరింది. 20 శాతం దిగుడులో సుమారు 1.7 జౌళ్లు మాత్రమే, అంటే చదును మీద అయ్యే ఖర్చులో సగం. (నూరు మీటర్లు ముందుకు సాగేలోగా ఇరవై మీటర్లు కిందికి దిగితే అది 20 శాతం వాలు.) గుండెకూ ఊపిరితిత్తులకూ దిగుడు నిజంగానే విశ్రాంతి. అందుకే మీకు ఆయాసం లేకుండానే కాళ్లు మొరాయించాయి.

భారమంతా పడినది తొడ ముందు భాగంలోని కండరాల మీద. ఎక్కేటప్పుడు ఆ కండరాలు కుదించుకుంటూ శరీరాన్ని పైకి నెడతాయి. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ మోకాలు మడతపడుతూ ఉంటే, అవి సాగుతూనే బిగిసి, మీద పడే బరువును ఆపవలసి వస్తుంది. నీళ్లతో నిండిన బిందెను తాడుతో బావిలోకి మెల్లగా దించడాన్ని ఊహించుకోండి. తాడు చేతుల్లోంచి జారుతూనే ఉండాలి, పట్టు మాత్రం సడలకూడదు. అరచేతులు ఒరుసుకుపోయేది తోడేటప్పుడు కాదు, దించేటప్పుడే. కండరం సాగుతూ పనిచేసినప్పుడు దాని పోగుల్లో అతి సూక్ష్మమైన చీలికలు ఏర్పడి, తరువాత వాపు, బిగుతు, నొప్పి మొదలవుతాయి. ఈ నొప్పి పందెం రోజున అంతగా తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో పతాక స్థాయికి చేరి, వారం లోపల తగ్గుతుంది. మీ మూడు రోజుల కథ ఇదే. వారానికి రెండుసార్లు ఎక్కడం వల్ల ఈ పనికి కావలసిన కండరబలం రాదు, ఎందుకంటే ఎక్కుడులో ఆ పనే ఉండదు.

శుభవార్త ఏమిటంటే ఈ పాఠాన్ని కండరం చాలా త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి ఓ మోస్తరు దిగుడు పరుగు చేసి, వచ్చిన నొప్పి తగ్గిన తరువాత అదే పని మళ్లీ చేస్తే, రెండోసారి నష్టం చాలా తక్కువగా ఉంటుంది. ఈ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. కాబట్టి పందేనికి ఐదారు వారాల ముందు మొదలుపెట్టండి. మెత్తటి వాలు మీద రెండు మూడు నిమిషాల చొప్పున నాలుగు దిగుళ్లతో సరిపెట్టి, పైకి వెళ్లేటప్పుడు నడవండి. వారానికి ఒక్కరోజే చాలు. క్రమంగా వాలు, సమయం, వేగం ఒకదాని తరువాత ఒకటిగా పెంచుతూ పోయి, గట్టి దిగుడు సాధనలో చివరిదాన్ని పందేనికి పది నుంచి పద్నాలుగు రోజుల ముందే ముగించండి. పందెం వారంలో కొండను చూసి ఉత్సాహం ఆపుకోలేక పరుగున దిగితే, చీలిన పోగులతోనే ప్రారంభ రేఖ దగ్గర నిలబడవలసి వస్తుంది.

దగ్గరలో కొండ లేనివారు మరి కొందరు ఉత్తరాలు రాశారు. వారికి కూడా ఇక్కడే చెబుతున్నాను. మెట్ల మీద సాధన చేసేవారు పైకి పరుగెత్తి, లిఫ్టులోనో తాపీగానో కిందికి వస్తారు. అందులో ఉపయోగపడే సగాన్ని వదిలేసినట్టే. జాగ్రత్తగా, ఒక్కొక్క మెట్టు మీదా బరువు నిలిపి దిగండి. ఇంట్లో ఒక అడుగు ఎత్తు పీట మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలకు తాకే వరకు మూడు నాలుగు సెకన్ల పాటు మెల్లగా దిగడం దీనికి మంచి వ్యాయామం. ఒక్కో కాలికి పది చొప్పున మూడు విడతలు చేస్తే, మర్నాడు తొడలే ధ్రువీకరణ పత్రం ఇస్తాయి.

ఇక దిగే తీరు. భయం వేసినప్పుడు మనిషి సహజంగా వెనక్కి వాలి, కాలిని ముందుకు చాచి, మడమతో బ్రేకు వేస్తాడు. ఆ ఒక్క కదలికలో అన్ని కష్టాలూ ఉన్నాయి: పాదం జారుతుంది, అదురు మోకాలికి చేరుతుంది, తొడ కండరం మీద బరువు పెరుగుతుంది. అడుగులు చిన్నవిగా, తొందరగా పడాలి. పాదం శరీరం కిందనే ఆనాలి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. నడుము పైభాగం వాలుకు అనుగుణంగా స్వల్పంగా ముందుకు ఉండాలి. చేతులను దేహానికి దూరంగా చాచి తూకం కోసం వాడుకోండి. చూడటానికి అందంగా ఉండకపోవచ్చు. చూపు కాలి బొటనవేలి మీద కాకుండా నాలుగైదు మీటర్ల ముందుండాలి, అడుగు వేయవలసిన చోటును కన్ను ముందే ఎంచి కాలికి అందించాలి. ముందు మనిషిని అంటిపెట్టుకుని దిగవద్దు, రాయి కనిపించేసరికే కాలు దాని మీద ఉంటుంది.

బూట్లు కొత్తవి వద్దు. వాటి అడుగున 4 నుంచి 6 మిల్లీమీటర్ల లోతు పళ్లుంటే మట్టిలో పట్టు దొరుకుతుంది. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ వదిలి, దిగుడుకు ముందు చీలమండ దగ్గర లేసు బిగించుకోండి; లేకపోతే ప్రతి అడుగుకూ వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

మోకాళ్ల అరుగుదల గురించి: మీరు వర్ణించినది కండరాల నొప్పి, కీలుది కాదు. క్రమంగా అలవాటు చేసుకున్న ఆరోగ్యవంతమైన మోకాలు దిగుడును తట్టుకుంటుంది. మోకాలు వాచినా, మడిచి చాపేటప్పుడు పట్టేసినా, వారం దాటినా నొప్పి వదలకపోయినా మాత్రం వైద్యుడికి చూపించాలి. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే ఒక్కరోజు కూడా ఆగవద్దు. దెబ్బతిన్న కండరాల నుంచి వెలువడే పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తున్నదనడానికి అది సూచన కావచ్చు, అది ఆసుపత్రిలో చూడవలసిన విషయం. నొప్పి రాకుండా ముందుగానే ఐబుప్రోఫెన్ వంటి మాత్ర వేసుకుని పరుగెత్తే అలవాటు కొందరికి ఉంది. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు చీలే వేళ ఆ మాత్ర మూత్రపిండాల మీద మరింత భారం మోపుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. బాగా పరుగెత్తుతాడు. పెద్దల 15 కిలోమీటర్ల కొండ పరుగులో వయసు ఎక్కువ చూపించి పేరు ఇప్పించమని పోరు పెడుతున్నాడు. ఇప్పించవచ్చా?

జవాబు: వద్దమ్మా. వయసు దాచడం తప్పు అన్నది ఒక సంగతి. ప్రమాదం జరిగిన క్షణంలో కొండ మీది వైద్య బృందం చేతిలో తప్పుడు వివరాలు ఉంటాయన్నది అంతకన్నా పెద్ద సంగతి. ఎదిగే వయసులో మడమ దగ్గరా మోకాలి చిప్ప కిందా స్నాయువులు అతుక్కునే ఎముక భాగాలు ఇంకా గట్టిపడి ఉండవు. పొడవైన దిగుళ్లు సరిగ్గా అక్కడే లాగుతాయి. పిల్లల విభాగాల్లో దూరాలు తక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఆ విభాగాల్లో పరుగెత్తించండి, దిగే నేర్పు ఇప్పటి నుంచే అలవడుతుంది. ఆ వయసులో నేర్చుకున్న అడుగు జీవితాంతం మరిచిపోరు, ఈ విషయంలో మీ అబ్బాయిని చూసి నాకు కాస్త అసూయగానే ఉంది.

ప్రశ్న: పందెం రోజున ఎంత నీరు తాగాలి? దాహం వేయకముందే తాగుతూ ఉండాలని ఒకరు, దాహం వేస్తేనే తాగాలని ఒకరు అంటున్నారు.

జవాబు: ఈ వాదంలో నేను రెండోవారి పక్షం. చెమటలో పోయినదానికన్నా ఎక్కువ నీరు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోళ్ల కంటే తగ్గితే దాన్ని వైద్యులు సోడియం లోపంగా పరిగణిస్తారు. బాగా తగ్గితే తలనొప్పి, వాంతులు, అయోమయంతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. నెమ్మదిగా, ఎక్కువ గంటలు పరుగెత్తేవారికే ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే తాగడానికి వారికి తీరిక ఉంటుంది. పందెం ముగిసేసరికి బరువు పెరిగి ఉంటే, అది అతిగా తాగినట్టు రుజువు.

అయితే కొండ మీద దాహాన్ని నమ్ముకోవాలంటే నీరు చేతిలో ఉండాలి. రోడ్డు పందెంలో మాదిరిగా ప్రతి రెండు మూడు కిలోమీటర్లకూ నీటి బల్లలు ఉండవు. శిఖరం మీదికి నీరు మోసుకెళ్లడం నిర్వాహకులకూ కష్టమే. నీటి కేంద్రాల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా మీకు పట్టే నిమిషాల్లో లెక్క వేసుకుని సీసా మోయండి. గంటకు మించిన పందేలలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం జెల్‌గానో పానీయంగానో తీసుకుంటే శక్తి తగ్గకుండా ఉంటుంది. దాన్ని ఎక్కుడులో వేగం తగ్గినప్పుడు తీసుకోండి, దిగేటప్పుడు చేతులూ కళ్లూ ఖాళీగా ఉండవు.

ప్రశ్న: ఒక పందెంలో నా సంచిలో వర్షపు కోటు లేదని ప్రారంభ రేఖ దగ్గరే నన్ను ఆపేశారు. ఎండ కాస్తున్నది, ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. రుసుము చెల్లించాను, సాధన చేశాను, అంతా వృథా అయింది. ఇది అధికార దర్పం కాక మరేమిటి?

జవాబు: మీ బాధ అర్థమైంది, కానీ నేను నిర్వాహకుల పక్షమే. మీరు చూసినది కింది ఆకాశం. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. గాలి, తడి తోడైతే ఒంటికి తెలిసే చలి దానికి ఎన్నో రెట్లు. పైగా ఎక్కుడులో కారిన చెమటతో బట్టలు అప్పటికే తడిసి ఉంటాయి. పరుగెత్తుతున్నంతసేపూ ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది కనుక చలి తెలియదు. చీలమండ మడతపడి ఒక రాయి పక్కన కూర్చోవలసి వచ్చిన పది నిమిషాలకు ఆ పలచటి వర్షపు కోటు విలువ తెలుస్తుంది.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల పర్వత పరుగు పందెం జరిగింది. 172 మంది బయలుదేరారు. ఎత్తయిన, ఆసరా లేని వాలు మీద ఉండగా వడగండ్లు, గడ్డకట్టించే వాన, భీకరమైన గాలి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. 21 మంది మరణించారు; వారిలో ఆ దేశపు మేటి పరుగు వీరులు కూడా ఉన్నారు. గాలిని ఆపే కోటు ఆ పందెంలో తప్పనిసరి వస్తువుల జాబితాలో లేదు. దగ్గరలోని గుహలో తలదాచుకున్న ఒక గొర్రెల కాపరి ఆరుగురిని అందులోకి చేర్చి, మంట వేసి బతికించాడు. కండబలానికీ వేగానికీ అక్కడ విలువ లేకపోయింది, పొడిగా వెచ్చగా ఉండటానికే విలువ దక్కింది.

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే మొదట వణుకు, తరువాత మాట తడబాటు, వేళ్లు జిప్పు లాగలేకపోవడం, నడక తూలడం కనిపిస్తాయి. తోటి పరుగరిలో ఈ లక్షణాలు చూస్తే మీ పందెం అక్కడితో ఆపి వారిని గాలి తగలని చోటికి చేర్చి, ఉన్న పొడి బట్టలన్నీ కప్పండి. అతుకుల దగ్గర కూడా నీరు చొరని కోటు, ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు, కొంత అదనపు ఆహారం, పటం, దిక్సూచి, ఈల: బ్రిటన్ కొండ పందేల్లో సాధారణంగా అడిగే వస్తువులు ఇవే, అన్నీ కలిపినా బరువు ఒక సీసా నీటిని మించదు. నూలు చొక్కా మాత్రం ఇంట్లోనే ఉంచండి, తడిస్తే ఆరదు. ఈల సంకేతం కూడా కంఠస్థం చేయండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదడం ఆపద సంకేతం. నిమిషంలో మూడుసార్లు వినిపిస్తే మీ పిలుపు చేరిందని అర్థం.

ప్రశ్న: ఎనిమిదో కిలోమీటరు దగ్గర పొట్ట తిప్పడంతో పందెం వదిలేసి, అడ్డదారిన రోడ్డుకు చేరి, ఎవరికీ భారం కాకూడదని నేరుగా ఇంటికి వెళ్లి పడుకున్నాను. రాత్రి వరకు నా కోసం వెతికారట. మరుసటి ఏడాది పందేనికి నన్ను తీసుకోబోమని రాశారు. పొట్ట బాగోలేకపోవడం నా తప్పా?

జవాబు: పొట్ట తప్పు కాదు, చెప్పకుండా వెళ్లడం తప్పు. కొండ పందెంలో ఎంతమంది బయలుదేరారు, ఎంతమంది తిరిగి వచ్చారు అన్న రెండు అంకెలు సమానమయ్యే వరకు ఎవరూ ఇంటికి వెళ్లరు. ఒక్క అంకె తగ్గితే, రోజంతా ఎండలోనో వానలోనో నిలబడిన స్వచ్ఛంద కార్యకర్తలు టార్చి లైట్లు పట్టుకుని, మీరు పడి ఉండవచ్చునని అనుమానం కలిగిన ప్రతి లోయలోకీ దిగుతారు. అలసిన కాళ్లతో, చీకట్లో దిగడం ఎంత ప్రమాదమో ఈ శీర్షికలోనే ఇంతసేపు చెప్పుకున్నాం. మీరు పరుపు మీద నిద్రపోతున్న వేళ వారు ఆ ప్రమాదంలో ఉన్నారు. ఒక్క ఏడాది నిషేధం నా దృష్టిలో ఉదారమైన శిక్ష.

పందెం మానుకోవడంలో అవమానం లేదు, నేను నాలుగుసార్లు మానుకున్నాను. వీలైతే వచ్చిన దారినే దగ్గరలోని చెక్‌పాయింటుకు చేరి, అక్కడి కార్యకర్తకు మీ బిబ్ నంబరు (చొక్కాకు తగిలించుకున్న పందెం నంబరు) చెప్పి, వారు రాసుకోవడం కళ్లారా చూడండి. అడ్డదారి పట్టవద్దు, వెతికేవారు పందెం దారినే వెతుకుతారు. దాటి వెళ్లే పరుగరి చేత కబురు పంపినా, అది చేరిందనుకోవద్దు. ఎలా కిందికి చేరినా ముగింపు స్థలానికి వెళ్లి, సమయాలు రాసుకునే బల్ల దగ్గర మీ నోటితో మీరే చెప్పండి. ఇక నిషేధం గురించి వాదించకుండా, ఆ రాత్రి వెతికినవారికి క్షమాపణ కోరుతూ ఒక ఉత్తరం రాయండి, వచ్చే ఏడాది ఒక చెక్‌పాయింటు దగ్గర నంబర్లు రాసుకునే పని మీకు ఇవ్వమని అందులోనే అడగండి.